నీళ్ల పొయ్యిలో తాబేలు

విరోధి నామ సంవత్సరం, పుష్య మాసం. ఎముకలు కొరికే చలి. సూరమ్మ పెంచుకుంటున్న పసుపు చుక్కల మెట్ట తాబేలు వసారాలో సిమెంటు గచ్చు మీద ముడుచుకుని, తాను పుట్టిన ఎర్రగుట్టనే తలుచుకునేది. అక్కడ పొద్దు గూకాక కూడా రాళ్లు వెచ్చగా ఉండేవి.

"ఎందుకే ఆ ఏడుపు మొహం? పెరట్లో నీళ్ల పొయ్యి ఉందిగా, బూడిదలో నా పక్కన పడుకో," అంది పిల్లి.

"వద్దే అమ్మాయ్," అంది గంప కింది కోడి. "వేడెక్కితే జరగడానికి చల్లని మూల లేనిది ఇల్లెలా అవుతుంది?"

"నీకేం పిన్నీ, ఒళ్లంతా ఈకలు!" అంటూ తాబేలు పొయ్యి దాకా పాకింది. బూడిదలో దూరగానే గుట్ట మీదికి చేరినట్టే అనిపించి హాయిగా కళ్లు మూసుకుంది.

తెల్లారి సూరమ్మ చూసుకోకుండా పుల్లలు పెట్టి అంటించింది. పిల్లి ఒక్క గెంతులో బయటపడింది. తాబేలు తన నడకే నడిచింది.

"అయ్యో నా తల్లీ!" అని సూరమ్మ లాగి తీసింది. ఆ పూటే గోడవార ఇసుక పోసి, సగం ఎండకు వదిలి, సగానికి తాటాకు కప్పింది.

తాబేలు ఇప్పుడు ఎండ కాగి నీడలోకి జరుగుతుంది. ఎర్రగుట్ట ఇంకా గుర్తొస్తూనే ఉంటుంది. వీపు మీద కుడివైపు చుక్కలు కాలిపోయాయి. అవి మళ్లీ రాలేదు.