పదమూడో వారం

“ఆ ముక్క టీవీలో రానేదమ్మా.”

విశాలి మాట మధ్యలో తెగిపోయింది. నాలుగోసారి తీస్తున్న వీడియో కూడా పాడైపోయింది.

నెల్లిమర్ల జూట్ మిల్లు గేటుకి ఎదురుగా, లక్ష్ముడి టీ బడ్డీ పక్కన నిలబడి ఆమె కథ చెబుతోంది. ఫోను పట్టుకున్నవాడు బావ భాస్కర్. అడ్డొచ్చింది బల్ల మీద టీ తాగుతున్న ఓ ముసలాయన. చేతిసంచీ, ముతక చొక్కా, ఊరికి కొత్త మనిషి.

పాత టీవీ సీరియళ్ల కథలు వారం వారం యూట్యూబులో చెప్పడం విశాలి పని. ఆమెకి ఇరవై ఏళ్లు నిండకుండానే లక్షమంది వింటున్నారు. ఈసారి కథ ‘నాగావళి రేవు’. నలభై ఏళ్ల నాటిది. దాన్ని మళ్లీ తీద్దామనుకున్న హైదరాబాదు కంపెనీవాళ్లకి ముగింపు దొరకలేదు. అది వీడియోలో చెప్పి పంపమని విశాలిని అడిగారు. నచ్చితే రాసేవాళ్ల మధ్య ఆమెకీ ఓ కుర్చీ వేస్తామన్నారు. విశాలికి చిన్నప్పటినుంచీ ఉన్న కోరిక అదొక్కటే.

“టీవీలో రాకపోతే మరెక్కడొచ్చింది తాతగారూ?” నడుం మీద చెయ్యేసుకుని అడిగింది.

“నాను తొమ్మిది వారాలు సూసేను. కోడలు కనకాన్ని అత్త గెంటేసింది. అక్కడితో ఆపేసేరు.”

విశాలి పకపకా నవ్వింది.

“మా మామ్మ పదమూడు వారాలూ పూసగుచ్చినట్టు చెప్పింది. గెంటేసిన కనకం రేవులో పడవ నడుపుతాది. ఆఖరి వారం వరదొస్తాది. అత్త ఆ పడవే ఎక్కాల్సి వస్తాది. తల దించుకుని ‘ఎవరే నువ్వు?’ అంటాది. అప్పుడు కనకం...”

“‘ఎవులైతే ఏటత్తా, ఒడ్డు కావాల గదా. కూకో,’” ముసలాయన మెల్లగా అందుకున్నాడు.

“చూశావా బావా! మాట మాటా తెలుసు. పైగా రాలేదని నాతో వాదన!”

“మతిమరుపులే. వదిలీ,” అన్నాడు భాస్కర్.

ముసలాయన నొచ్చుకోలేదు.

“మీ మామ్మ పేరేటమ్మా?”

“దేముడమ్మ.”

గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది.

“ఇంట్లోనే ఉన్నాదా?”

“ఇంట్లో కాక ఎక్కడుంటాది? మా అందరినీ ఏలుతున్నాది.”

“అయితే సాలమ్మా. నువ్వు సెప్పిందే రైటు.”

సంచీ భుజానికి తగిలించుకుని, వచ్చిన విజయనగరం బస్సెక్కేశాడు. విశాలి అటు చూడనైనా లేదు. ఐదోసారికి వీడియో బ్రహ్మాండంగా వచ్చింది. వెంటనే పంపేసింది.

మధ్యాహ్నానికి కంపెనీ నుంచి ఫోనొచ్చింది.

“ముగింపు అద్భుతం అమ్మా! కానీ పాత రికార్డులు తీయించాం. ఆ సీరియల్ వచ్చింది తొమ్మిది వారాలే. రాసినాయన కూడా అక్కడితో వదిలేశారట. ఈ నాలుగు వారాలూ ఎవరు అల్లారో వారిని తీసుకురండి. వారి పక్కన మీరూ కూర్చుందురుగాని.”

విశాలికి పొద్దుటి ముసలాయన గుర్తొచ్చాడు. స్కూటీ మీద టీ బడ్డీకి పరుగెత్తింది.

“ఎవులో నాకూ తెల్దు,” అన్నాడు లక్ష్ముడు. “మిల్లు గేటు ఓపాలి సూసి పోదామని వొచ్చేనన్నాడు.”

ఇంటికొచ్చేసరికి దేముడమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది.

“మామ్మా, ‘నాగావళి రేవు’ ఎవరింట్లో చూశావు?”

“సూడ్డమేటే గుంటా? మా పేటలో టీవీ ఎవులికున్నాది? మంగళారం టీవీలో వొస్తే, బుధారం పొద్దున్న సైరను మోగీముందు జగన్నాధం సెప్పీవోడు. గేటు కాడ హాజరు రాసీవోడులే. అది యినకుండా ఒక్క ఆడదీ లోపలికి అడుగెట్టీది కాదు.”

విశాలి ముసలాయన కూడా పడ్డ ఆ పాడైపోయిన వీడియో పెట్టి ఫోను ముందుకు చాపింది. దేముడమ్మ కళ్లజోడు తుడుచుకుని చూసింది.

“ఓలమ్మో! జగన్నాధమే గదే! జుట్టంతా ఊడిపోనాది. గొంతు మాత్రం అదే. ఎప్పుడో పాతపట్నం ఏపు ఎల్లిపోనాడు. మల్లీ ఎవులికీ కనబళ్లేదు. ఇంటికి తీసుకురాకపోయేవా?”

విశాలికి సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

“ఆ కథ నాను సచ్చీదాకా మరిసిపోను,” అంది దేముడమ్మ. “కనకాన్ని గెంటేసిన వారమే మా యత్తా నన్ను గెంటేసింది. కడుపులో మీ నాన్న. నాలుగు వారాలు మా పేటలో సుభద్రమ్మ అరుగు మీద తొంగున్నాను. బుధారం బుధారం ఆ కథ యిని ఏడిసీదాన్ని.”

“మీ అత్త కూడా వినేదా?”

“ఆవిడదీ మిల్లు పనే గదే. గేటు కాడ నాకు ఎడంగా నిలబడి యినీది. ఆఖరి బుధారం పడవ మాట సెప్తంటే పైట మొకాన కప్పేసుకున్నాది. పని దిగేక వొచ్చి నా సెయ్యట్టుకున్నాది. ‘నడు ఇంటికి’ అన్నాది. ఏటనుకున్నావే, టీవీ అంటే ఎంత గొప్పదో!”

ఫోను మళ్లీ మోగింది. కంపెనీవాళ్లే. విశాలి తీయలేదు.

‘ఇంట్లోనే ఉన్నాదా?’ అని పొద్దున్న ఆయన అడిగిన మాట ఇప్పుడు చెవుల్లో పడింది. కళ్లు నిండిపోయాయి. నలభై ఏళ్లుగా టీవీని నమ్ముకున్న మామ్మకి నిజం చెప్పడానికి నోరు రాలేదు.

టీవీలో ఎన్నడూ రాని ఆ నాలుగు వారాల కథనీ జగన్నాధం గేటు దగ్గర అంతమందికి చెప్పింది, ఎడంగా నిలబడ్డ ఆ ఒక్క అత్త వినాలనే.