బ్రిడ్జెక్కిన బండి

అశోక్‌నగర్ మీద ఎర్ర చుక్క వెలిగింది.

వెంకటేశ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తెర మీద వివరాలు ఒక్కొక్కటే పడ్డాయి. పేరు నగేష్. వయసు ఇరవై ఆరు. బాయ్స్ హాస్టల్, రెండో అంతస్తు. మాత్రలు ఎక్కువ మింగాడు. పిలిస్తే పలకడం లేదు. ఊపిరి ఆడుతోంది. ఫోన్ చేసింది పక్క మంచం కుర్రాడు.

నగేష్ వెంకటేశ్‌కు సొంత తమ్ముడు.

నారాయణగూడలో ఓ పాత బిల్డింగు మూడో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. మత్తుమందులో మాత్రలో ఎక్కువై పడిపోయిన వాళ్ళ కోసం చుట్టుపక్కల జిల్లాలన్నిటా అంబులెన్సులు ఎటు వెళ్తున్నాయి, ఎంత తొందరగా చేరుతున్నాయి అని మ్యాపులో గమనించడమే అక్కడి పని. రోగి ఎర్ర చుక్క, బండి నీలం చుక్క. చూడటం వరకే వీళ్ళ వంతు. డ్రైవర్లతో మాట్లాడేవాళ్ళు వేరే, వాళ్ళ ఆఫీసూ వేరే. పగవాడికి కూడా వద్దు ఇలాంటి ఉద్యోగం.

దోమలగూడలో నీలం చుక్క కదిలింది.

దోమలగూడ నుంచి అశోక్‌నగర్ ఎంతని! ఇందిరా పార్కు దాటితే వచ్చేసినట్టే. ఊపిరి ఉండగా చేరితే చాలు, ఇంజెక్షన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి మనిషిని నిలబెడతారు. ఇలా బతికినవాళ్ళను వెంకటేశ్ ఎంతోమందిని చూశాడు.

"అన్నా, తిందాం రా. చపాతీలు సల్లగైతున్నయ్," అంది పక్క సీటు అనూహ్య, టిఫిన్ డబ్బా విప్పుతూ.

"నువ్వు తిను. నగేష్ కేసు చూస్తున్న."

అనూహ్య చేయి ఆగిపోయింది. "ఊకో అన్నా. నువ్వు చూడకు."

"బండి బయలెల్లింది."

ఆమె డబ్బా మూత పెట్టేసింది.

నగేష్‌ను సిటీకి తెచ్చింది వెంకటేశే. గ్రూప్స్ రాసి ఆఫీసర్ అవుతాడని ఆశ. బస్టాండులో తల్లి ఎల్లవ్వ చిన్నవాడి చేయి పెద్దవాడి చేతిలో పెట్టి, "నువ్వున్నవనే పంపుతున్న బిడ్డా," అంది. ఇక చూడండి, నోటిఫికేషన్ రావడం, పరీక్ష వాయిదా పడటం, ఎవరో కోర్టుకెక్కడం! చదవడానికి నిద్ర రాకుండా కొన్ని మాత్రలు, ఆ తర్వాత నిద్ర పట్టడానికి మరికొన్ని. చిక్కడపల్లిలో కలిసి చాయ్ తాగినప్పుడల్లా తమ్ముడి కళ్ళు లోపలికి పోతుండటం అన్న చూస్తూనే ఉన్నాడు. చదువు ఎక్కువైందనుకున్నాడు. జిల్లాలన్నీ గమనించే మొనగాడు పక్క వీధిలో ఉన్నవాణ్ణి కనిపెట్టలేకపోయాడు.

నీలం చుక్క ఇందిరా పార్కు దగ్గరికొచ్చింది. అక్కడే ఉంది తిరకాసంతా. కింది రోడ్డున వెళ్తే అశోక్‌నగర్ చౌరస్తా. స్టీల్ బ్రిడ్జి ఎక్కారో, అశోక్‌నగర్ నెత్తి మీదుగా పోయి వీఎస్టీ దగ్గర దిగాల్సిందే. మధ్యలో దిగే దారి లేదు. కొత్త డ్రైవర్లు రోడ్డు ఖాళీగా ఉంది కదా అని బ్రిడ్జే ఎక్కుతారు.

"కింది నుంచే పో అన్నా," అని గొణిగాడు వెంకటేశ్. "నీ కాళ్ళు మొక్కుత. కింది నుంచే పో."

బండి బ్రిడ్జి ఎక్కింది.

"ఎక్కిండు! ఎక్కనే ఎక్కిండు!"

గదిలో అందరూ తలలు దించుకుని తింటున్నారు. ఒక్కరూ ఇటు చూడలేదు.

నీలం చుక్క వచ్చి ఎర్ర చుక్క మీద పడింది. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు మెరిశాయి: 'అంబులెన్స్ చేరింది.' పాడు మెషీన్! పైన బ్రిడ్జి, కింద హాస్టల్ అన్న తేడా దానికేం తెలుసు? రెండు చుక్కలు కలిస్తే చేరినట్టే. దాని లెక్కలో ఇది సకాలానికి చేరిన బండి. నగేష్‌కు కావలసింది మాత్రం కింద సందులోకి వచ్చే బండి.

సూపర్‌వైజర్ జయశ్రీ లేచి వచ్చింది.

"వెంకటేశ్ గారూ, ఈ కేసు మీరు చూడొద్దని చెప్పిన కదా. సొంత మనిషిది చూస్తే పరేషాన్ తప్ప ఏమొస్తది?"

"జర ఆగండి మేడం. వీఎస్టీ కాడ దిగి వెనక్కి తిరుగుతది."

ఆమె కోప్పడలేదు. అతని భుజం తట్టి తన సీటుకు వెళ్ళిపోయింది.

బండి వీఎస్టీ దగ్గర దిగింది, వెనక్కి తిరిగింది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా హాళ్ళ ముందు ట్రాఫిక్. నీలం చుక్క కదలక మెదలక నిలబడిపోయింది. వెంకటేశ్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. లేచి ఉరకాలనిపించింది. ఉరికి లాభం లేదని తెలుసు. పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు.

"జరుగుండ్రి. జర జరుగుండ్రయ్యా," అని తెర మీది రోడ్డును బతిమాలాడు.

అనూహ్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

చుక్క కదిలింది. చిక్కడపల్లి మీదుగా మళ్ళీ అశోక్‌నగర్ చౌరస్తా. పుస్తకాల షాపులు దాటింది, జిరాక్స్ సెంటర్ దాటింది, హాస్టళ్ళ సందులోకి తిరిగింది. ఇంకొంచెం. 'ఊపిరి ఆడుతోంది' అన్న మాట తెర మీద ఇంకా మారలేదు.

బండి హాస్టల్ ముందు ఆగబోయేంతలో వెంకటేశ్ మౌస్ నొక్కి, నిరుడు చనిపోయిన తమ్ముడి కేసు రికార్డింగును ఎప్పటిలాగే మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు.