నాలుగోసారి తెగిన లైను

"మీ నాన్ననడుగు, ఇంకెంతసేపో!"

ఆ నాన్న అనే మనిషి రెండడుగుల దూరంలో నిచ్చెన మీదే ఉన్నాడు. మాట శుభ్రంగా వినబడింది. అయినా సరే, ఎనిమిది నెలలుగా ఆ మొగుడూ పెళ్ళాల మధ్య మాటలన్నీ కూతురి మీదుగానే నడుస్తున్నాయి.

"నాన్నా, ఎంతసేపు?" అంది పిడుగు. తొమ్మిదేళ్ళ పిల్ల. దాని అసలు పేరు బడి రిజిస్టరుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"గంట పడుతుందని చెప్పు మీ అమ్మకి."

"గంటా! నెలలో నాలుగుసార్లు నా గుమ్మంలో ఈ నిచ్చెనేమిటి? ఒక్కసారే గట్టిగా వేసి పోకూడదూ?"

నిచ్చెన మీది లైను మేస్త్రికి చురుక్కుమంది. తెగిన ఫైబర్ కేబుళ్ళు అతకడంలో అతని చేతికి తిరుగులేదని ఆఫీసులో అందరూ ఒప్పుకుంటారు, ఇంట్లో మనిషి తప్ప. పెళ్ళిరోజున అన్నం మధ్యలో ఫోనొస్తే చేయి కడుక్కుని స్తంభం ఎక్కడానికి పోయాడు. "ఆ తీగలతోనే కాపురం చేసుకోండి" అంది భార్య. పౌరుషం పొడుచుకొచ్చి ఆఫీసు పక్కనే గది తీసుకున్నాడు. ఆ పౌరుషం వారానికే చల్లారింది. కానీ రమ్మని ఒక్కమాట పిలిస్తే కదా వెళ్ళడానికి! ఆవిడ పిలవదు, ఈయన అడగడు.

ఇవాళ మాత్రం బెంగ కాపురం గురించి కాదు, ఉద్యోగం గురించి. ఆ ఇంటి గోడ మీదుగా పోయే కేబులు నలభై ఇళ్ళకి నెట్ ఇస్తుంది. మూడుసార్లు ఇక్కడే తెగింది. పొద్దున సూపర్‌వైజర్ ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటే బోర్డు మీద ఎర్రలైటు వెలిగింది. నాలుగోసారి.

"మీ ఇంటి గోడ. పైగా ప్రతిసారీ అతికింది నువ్వే. పైవాళ్ళు నిన్నే అనుమానిస్తున్నారయ్యా" అన్నాడు సూపర్‌వైజర్. "ఎవరు తెంపుతున్నారో తేల్చి ఫోన్ చెయ్యి. తేలకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

మేస్త్రి తెగిన కొసని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. ఎలక కొరికితే అంచు చింపిరిగా ఉంటుంది. ఇది గీత గీసినట్టుంది. లోపలుండే పసుపు నూలు మామూలు కత్తెరకి లొంగదు, నమిలినట్టయి జారిపోతుంది. దానికి తమ పనివాళ్ళ కత్తెరే ఉండాలి. అలాంటి పాత కత్తెర ఒకటి అతను ఇల్లు వదిలిన రోజున వంటింటి సొరుగులో ఉండిపోయింది.

కిందికి చూశాడు. పిడుగు నిచ్చెన పట్టుకుని, వెంట్రుకల్లాంటి గాజు పోగుల్ని చూస్తూ, తను నేర్పిన వరసలోనే రంగులు చదువుతోంది. "నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ... నాన్నా, మళ్ళీ తెగితే మళ్ళీ నువ్వే వస్తావు కదూ?"

అతుకు చెడింది. పోగులు అతికే మిషను వద్దని కూసింది. మళ్ళీ తుడిచి, మళ్ళీ కోసి, మళ్ళీ పెట్టాడు. రోజుకి వంద అతుకులు వేసే మనిషికి పన్నెండు పోగులు పన్నెండు కొండలయ్యాయి.

"పిడుగూ, వంటింట్లో నా కత్తెర ఉండాలి, చూశావా?" అని మెల్లగా అడిగాడు.

"ఏ కత్తెర?" అంది కళ్ళు ఇంత చేసుకుని.

అబద్ధమాడినా ఎంత ముద్దుగా ఆడుతోందో అనుకున్నాడు. కోపం రాలేదు. పిల్ల తనని చూడ్డానికి ఇంత పని చేయాల్సి వచ్చిందే అని సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"మంచినీళ్ళివ్వవే మీ నాన్నకి" అంది లోపలి గొంతు. "ఎండకి కళ్ళు తిరిగి పడితే నలుగురూ నన్నంటారు."

పన్నెండో పోగు అతికాడు. పెట్టె మూత బిగించాడు. ఎదురింట్లో టీవీ మోగింది, వీధిలో ఎవరో "వచ్చేసిందోయ్" అని అరిచారు. నిచ్చెన దిగి, గుమ్మం పక్కన నిలబడి ఫోన్ తీశాడు. ఉద్యోగం పోతే పోనీ, తొమ్మిదేళ్ళ పిల్ల పేరు ఆఫీసు కాగితాల్లోకి ఎక్కనివ్వనని నిశ్చయించుకున్నాడు.

"తేలింది సార్. నేనే తెంపాను."

లోపల ఊడుస్తున్న చీపురు చప్పుడు ఆగిపోయింది.

"నువ్వా?" అన్నాడు సూపర్‌వైజర్. "ఎర్రలైటు వెలిగింది పదిన్నరకి. అప్పుడు నువ్వు నా ఎదురుగా టీ ఊదుకుంటున్నావు. ఇక్కడ కూచుని అక్కడ తెంపావా? ఎవర్ని కాపాడుతున్నావయ్యా?"

"ఎవర్నీ కాదు సార్. రాసేసుకోండి, నేనే."

"రాస్తాను, ఆగు. ఫోన్లు తీసే అమ్మాయి దగ్గర కంప్లైంట్ల కాగితాలు తెప్పించాను. మీ సందు నుంచి ఇవాళ మొదటి ఫోన్ ఎవరిదో చూద్దామని." కాగితాలు తిప్పిన చప్పుడు. పక్కనున్న అమ్మాయిని ఏదో అడిగాడు. "ఇదేమిటయ్యా, ఇలా ఉంది?"

"ఎలా ఉంది సార్?" అన్నాడు మేస్త్రి. పిడుగు నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"టైము తప్పు రాసిందేమోనని అడిగాను. కాదు, టైము కంప్యూటరే వేసిందట. మిగతా మూడుసార్లూ ఇదే తంతు."

"ఏం తంతు సార్?"

"మీ ఆవిడ కంప్లైంటిచ్చిన ఇరవై నిమిషాలకి తెగింది లైను."