తెల్లచొక్కా బయటుంటే

"జ్ఞానయ్య గారూ, అరుణ్ మళ్లీ బయటి వరసలోకొచ్చేశాడు, లాగండి!" సుమలత కేకేసింది.

జ్ఞానయ్య అరుణ్ కాలర్ పట్టుకుని లోపలి వరసలోకి ఈడ్చాడు. ఆయన బందరు కాలేజీలో ల్యాబ్ అటెండరు. ఆవిడ మైక్రోబయాలజీ లెక్చరరు. ఎమ్మెస్సీ కోర్సు ఇవ్వొచ్చో లేదో తేల్చడానికి ఆ పూట యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ యుగంధర్ గారు వస్తున్నారు. ఆ కోర్సు కోసం సుమలత మూడేళ్లుగా కాళ్లరిగేలా తిరిగింది. అందుకే బాక్టీరియా పైపొరని కాలేజీ ముందే ఏకంగా విద్యార్థులతో కట్టి చూపించాలని పంతం పట్టింది.

ఆ పొరలో కొవ్వులు రెండు వరసలు. బయటివాటికి చక్కెర తోకలుంటాయి కాబట్టి అక్కడ జడలేసుకున్న అమ్మాయిలు. లోపల తెల్లచొక్కాల అబ్బాయిలు. లోపలి కొవ్వు బయటికి జారిందంటే గోడ వదులైపోతుంది. అలా జారినదాన్ని వెనక్కి లాగడానికి ఓ ప్రోటీన్ ఉంటుంది. ఆ వేషం జ్ఞానయ్యది.

అబ్బాయిలేమో ఫోన్లో తీస్తున్న వీడియోలో పడాలని జారుతూనే ఉన్నారు.

"ఎవర్ని లాగాలో ఇంకోసారి చెప్పండి మేడం," అన్నాడు జ్ఞానయ్య చెమట తుడుచుకుంటూ.

"తెల్లచొక్కా బయట కనిపిస్తే లాగెయ్యండి. మొహం చూడొద్దు."

కారు ఆగింది. యుగంధర్ గారు దిగి, తిన్నగా వచ్చి, ఇద్దరమ్మాయిల మధ్య నిలబడి లోపలికి తొంగి చూశారు. ఆయనదీ తెల్లచొక్కాయే.

జ్ఞానయ్య మొహం చూడలేదు.

"అయ్యయ్యో! జ్ఞానయ్య గారూ, వదలండి! వదలండి!" సుమలత గొంతు చించుకుంది.

అప్పటికే ప్రొఫెసర్ గారు లోపలి వరసలో ఉన్నారు. పైగుండీ ఊడిపోయింది.

"నన్నెందుకయ్యా లాగావు?"

"మీరు లోపలి సరుకండీ. బయట నిలబడితే గోడ బీటలిస్తుంది."

"మళ్లీ బయటికెళ్తే?"

"మళ్లీ లాగుతానండీ. ఈ బాక్టీరియా పురుగు బతికున్నన్నాళ్లూ నాకిదే పని."

యుగంధర్ గారు ఆయన్ని ఎగాదిగా చూసి, చెయ్యి కలిపి, ఊడిన గుండీ జేబులో వేసుకుని కారెక్కారు. కోర్సు పోయినట్టేనని సుమలత రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

పదిహేను రోజులకి రిపోర్టు వచ్చింది. కోర్సు మంజూరు! ఆవిడ కళ్లు తుడుచుకుని కింది వాక్యాలు చదివింది.

"ప్రొఫెసర్ జ్ఞానయ్య గారి బోధన అద్భుతం. వారినే శాఖాధిపతిని చేయవచ్చు. వారి మీద కేకలు వేసిన అటెండరమ్మకి మాత్రం కాస్త మర్యాద నేర్పించాలి."