ఒక మంచం, రెండు సీసాలు

దెల్ఫీనా గిన్నె పట్టుకుని గంజి వరసలో నిలబడగానే మెర్లీ రెండు మందు సీసాల మీదున్న పిల్లల పేర్ల టేపులూ పీకి, ఒకదానిది ఇంకొకదానికి అంటించేసింది. ఉక్కకు జిగురు ముందే వదులై ఉండడంతో పని క్షణంలో అయిపోయింది. నిమిషం కిందటి దాకా రోమెల్‌దిగా ఉన్న సీసా మీద ఇప్పుడు తన కూతురు ఈసెల్ పేరుంది.

ఇద్దరు పిల్లలకూ డెంగీ. వానలు పడితే ఇలోయిలో అనే ఆ రేవుపట్నం ఆసుపత్రిలో మంచానికి ఇద్దరేసి పిల్లలు. ఈసెల్ తల అటు, దెల్ఫీనా కొడుకు రోమెల్ తల ఇటు. తల్లులిద్దరూ మంచం పక్కన అట్టముక్కలు పరుచుకుని మూడు రోజులుగా విసనకర్రతో వంతులవారీగా విసురుతున్నారు.

మొదటిరోజే డాక్టరమ్మ ఇద్దరినీ కూచోబెట్టి చెప్పింది. వైరస్ చేసే చెరుపు కొంతే, దానితో పోరాడే హడావుడిలో ఒంట్లో పుట్టే మంట కూడా కణాలను తినేస్తుందట. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడుతుందే, లోపల జరిగేదీ దాదాపు అలాంటిదేనట. ఉప్పునీళ్ళలో వేస్తే ముక్క నల్లబడదు కదా, ఈ కొత్త మందు ఆ ఉప్పునీళ్ళ పని చేస్తుందేమో చూస్తున్నామంది. సెలైనూ తక్కిన వైద్యమూ అందరికీ ఒకటే. ఈ సీసాల్లో మాత్రం సగం మందువి, సగం ఉత్త తీపినీళ్ళవి. రంగు, రుచి, వాసన ఒకటే. ఏది ఏదో తనకు కూడా తెలియదంది. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

రేవు దగ్గర వంకాయ అట్లు వేసి అమ్మే మెర్లీకి ఆ పోలిక చెప్పకపోతేనే బాగుండేది. అప్పటినుంచీ కూతురి నుదురు తాకినప్పుడల్లా పళ్ళెంలో నల్లబడుతున్న ముక్కలే కళ్ళ ముందుకొచ్చేవి. ఈ ఉదయం రోమెల్‌కి జ్వరం దిగింది. లేచి కూచుని గుడ్డు కావాలన్నాడు. ఈసెల్ మాత్రం ఇంకా కాలిపోతూనే ఉంది. మందు ఏ సీసాలో ఉందో మెర్లీకి ఇక ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

దెల్ఫీనా గంజితో వచ్చి, రోమెల్ అడిగిన గుడ్డును దారంతో రెండుగా కోసి, సగం ఈసెల్ నోటి దగ్గర పెట్టింది. ఆమె అలవాటే అంత. నారింజ పండైనా, తడిగుడ్డైనా ఇద్దరికీ పంచాకే. మెర్లీ తల తిప్పేసుకుంది. ఆ తర్వాత ఇద్దరూ తమ తమ బిడ్డల పేరున్న సీసాలోంచి చెంచాడేసి పోశారు.

నాలుగయ్యేసరికి రోమెల్ చేతులు చల్లబడ్డాయి. కడుపునొప్పని ముడుచుకుపోయాడు. నర్సు పరుగెత్తింది. డాక్టరమ్మ వచ్చి గోళ్ళు నొక్కి చూసి సెలైన్ జోరు పెంచింది. డెంగీలో జ్వరం దిగాకే అసలు గండమనీ, రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతోందనీ, పిల్లాడు మూత్రం పోస్తే గట్టెక్కుతున్నట్టేననీ చెప్పి, దెల్ఫీనాను కనిపెట్టుకుని ఉండమంది.

ఐదింటికి ఈసెల్‌కి చెమట పట్టింది. గంజి పెట్టమంది. మూడు రోజులుగా ఆ మాట కోసం కాచుకున్న మెర్లీ చెంచాను పిల్ల నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. తన కూతురు తాగుతున్నది ఆ పిల్లాడి ప్రాణమే అనిపించింది.

ఆరింటికి మళ్ళీ మందువేళ. దెల్ఫీనా సీసా మూత తీసి చెంచాలోకి వంపింది. మెర్లీ ఆమె మణికట్టు పట్టుకుంది.

"అక్కా, పొయ్యకు. ఆ సీసా ఈసెల్‌ది. మధ్యాహ్నం టేపులు నేనే మార్చాను."

దెల్ఫీనా చెంచాను ఒక్క చుక్క ఒలకకుండా పళ్ళెంలో పెట్టింది. "ఎందుకే?"

"మీవాడు లేచి కూచున్నాడు. నా పిల్ల కళ్ళు కూడా తెరవలేదు." మెర్లీ ఆమె మణికట్టు వదిలేసింది. "కొట్టు, అందరిలో తిట్టు, డాక్టరమ్మకి చెప్పి బయటికి గెంటించు. ముందు మాత్రం వాడి సీసా వాడికి పొయ్యక్కా."

దెల్ఫీనా మంచం అంచున చేరి, కొడుకు పాదాలు రెండు చేతుల మధ్యా పెట్టుకుని రుద్దుతూ కూచుంది. ఇంతకంటే చెంపదెబ్బ నయమనుకుంది మెర్లీ. పక్క మంచం దగ్గర ఎవరో బియ్యం ధర గురించి మాట్లాడుకుంటున్నారు. సెలైన్ చుక్కలు పడుతూనే ఉన్నాయి.

"అమ్మా, పాస్," అన్నాడు రోమెల్ సన్నగా.

దెల్ఫీనా ఒక్క ఉదుటున లేచి పాత్ర అందుకుంది. నర్సు వచ్చి కొలిచి, చీటీలో రాసి, పిల్లాడి చెయ్యి పట్టుకు చూసి, వెచ్చబడుతోందని తల ఊపి వెళ్ళింది. దెల్ఫీనా గౌను అంచుతో మొహం తుడుచుకుంది. మెర్లీ టేపులు మళ్ళీ సరిగ్గా అంటించి, రోమెల్ సీసా రెండు చేతులతో ఆమెకు చాపింది.

దెల్ఫీనా దాన్ని అందుకుని, నర్సు దూరంగా వెళ్ళిందో లేదో చూసుకుని గొంతు తగ్గించింది.

"డాక్టరమ్మతో అనకే పిల్లా, నన్నూ గెంటేస్తుంది. ఒకే మంచం మీద పడుకున్న పిల్లల్లో ఒకరికి మందూ ఇంకొకరికి తీపినీళ్ళూ పొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. మొదటిరోజు నువ్వు రక్తపరీక్ష చీటీ పట్టుకుని వెళ్ళినప్పుడే, రెండు సీసాలూ గంజి గిన్నెలో వంపి కలిపేసి, మళ్ళీ సగం సగం పోసేశాను."