ఎడమ చెవి

"మంచు కొండల మీద జారిపడితేనో?" శీతాకాలం సెలవులకు పెట్టె సర్దుతూ అమ్మ ఐదోసారి అడిగింది.

"పడితే లేస్తాలే! ముందు బస్సులో వినే పాటలు ఎంచుకుందాం, రా," అంటూ కూతురు ఇయర్‌ఫోన్ ఒకటి తల్లికిచ్చి, రెండోది కుడి చెవికి పెట్టుకోబోయింది.

"ఎప్పుడూ ఆ చెవేనా? పాడవుతుందే!" అమ్మ దాన్ని లాక్కుని కూతురి ఎడమ చెవికి పెట్టింది.

పాట మొదలైంది. హుషారుగా ఆడుతున్న అమ్మ కాలినే చూస్తూ కూతురు అదే లయలో తలూపింది. ఎందుకో అనుమానం వచ్చి, అమ్మ కాలు ఆపింది.

"భలే ఉందమ్మా! అప్పుడే అయిపోయిందా?"

అమ్మ చెవిలో డ్రమ్ములు ఇంకా హోరెత్తుతున్నాయి.

"ఎన్నాళ్లయిందే తల్లీ?"

కూతురు తల దించుకుంది. "నాలుగు నెలలు. నాన్న డాక్టరుకు చూపించాడు. హడలిపోతావని నీకే చెప్పలేదమ్మా."