ముందు నడిచేవాడు

“పోవద్దంటే పోవద్దు,” అంది కోసి, చేతిలోని యూనిఫాం వీపు వెనక దాచుకుంటూ. “మందుపాతరకు నీ కాలు పోయి రెండేళ్లాయె. ఉన్నవా, సచ్చినవా అని ఎవడన్న వచ్చి అడిగిండా? ఇయ్యాల గుర్తొచ్చినవా వాళ్లకు?”

బిజ్జా చంకకర్ర మీద బరువు ఆనించి చెయ్యి చాపాడు. “కొత్త రోడ్డు ఓపెనింగ్‌కు పెద్ద నేత వస్తుండట. నాకు సన్మానం చేస్తరట. ఇయ్యవే.”

“సన్మానం కూడు పెడ్తదా?”

“కూడు సంగతి కాదు కోసీ. ఊరంత నన్ను కుంటి బిజ్జా అంటుండ్రు. నేను జవాన్ననేదే మర్సిపోయిండ్రు. అడవిల మా టీముకు ముందు నడిసింది నేనే. నా అడుగుల అడుగేసుకుంటనే ముప్పై మంది పాణాలతోటి ఇండ్లకు పోయిండ్రు. ఆ మాట ఒక్కపారి మైకుల ఊరు ఇనాలె.”

ఆ ముప్పై మందిలో ఒక్కడైనా మన గడప తొక్కాడా అన్న మాట కోసి నాలుక చివరిదాకా వచ్చింది. మొగుడి ముఖం చూసి మింగేసింది. యూనిఫాం తొడిగి, ఖాళీగా వేలాడుతున్న కుడికాలి ప్యాంటు మడిచి పిన్నీసు పెట్టింది.

ఊరి చివర, ఎర్రమట్టి రోడ్డు మొదట్లో షామియానా వేశారు. ఇన్నాళ్లూ ‘ఏయ్’ అని పిలిచిన పోలీసు థానేదారు ఇవాళ ‘బిజ్జాజీ’ అన్నాడు. తెల్లబట్టల నేత బిజ్జా మెడలో బంతిపూల దండ వేసి, మైకులో గొంతు చించుకున్నాడు. ఈ రోడ్డు కోసం కాలిచ్చిన వీరుడుండగా రిబ్బన్ కత్తిరించడానికి నేనెవణ్ణి అన్నాడు. రోడ్డు చివరి వంతెన దాకా ఆయనే ముందు నడవాలన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. బిజ్జా కళ్లు చెమర్చాయి.

పాత అలవాటు ఊరికే పోతుందా? కత్తెర అందుకుంటూ బిజ్జా, థానేదారు చెవిలో అడిగాడు.

“సాబ్, బాంబుల టీం వచ్చి రోడ్డు చూసిందా?”

“పొద్దున్నే చూసిండ్రు. సబ్ క్లియర్. మీరు నడవండి బిజ్జాజీ,” అన్నాడు థానేదారు, చెవి దగ్గర ఫోను తీయకుండానే.

బిజ్జా రిబ్బన్ కత్తిరించి నడిచాడు. రాత్రి వానకు రోడ్డు మెత్తబడి ఉంది. అడుగడుక్కీ ఒక బూటు గుర్తు, పక్కనే ఒక కర్ర గుంట పడుతున్నాయి. రొమ్ము విరుచుకున్నాడు. ఊరు చూస్తోంది. కోసి చూస్తోంది. ఇప్పుడు చచ్చిపోయినా ఫరవాలేదనిపించింది.

సగం దూరం పోయాక వెనక జిందాబాద్‌లు ఆగిపోయాయి. నేతకు సెల్యూట్ కొడదామని తిరిగాడు. నేత, థానేదారు, వాళ్ల వెనకున్న అధికారులు, అందరూ తలలు వంచుకుని ఉన్నారు. తనకింత గౌరవమా అని బిజ్జా గుండె పొంగింది.

అప్పుడు చూశాడు. వాళ్లంతా ఎంతో వెనక, ఒకరి వెనక ఒకరు వరసకట్టి, అతని ఒంటి బూటు గుర్తులు వెతుక్కుని, వాటిలోనే అడుగులు వేసుకుంటూ వస్తున్నారు.